తిరిగివచ్చిన విద్యార్థి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



చీడికాడ వంటి గ్రామమున నొక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయక నిలుచుట సామాన్యవిషయము కాదు. ఇట్టి గ్రంథాలయపు బల్లలముందు కూర్చుండి చదివిన బాలబాలికలు కొందరు పట్టణములకును, కొందరు పరదేశములకును పోవుదురు. పిల్లవాడు విదేశవిద్యకు బయలుదేరునాడు ఊరంతయు సంతసించును. మంచిరోజు చూతురు, శకునము చూతురు, రైలువరకు సాగనంపుదురు. వాడు తిరిగివచ్చిననాడు మాత్రము, ఉద్యోగమెక్కడ, జీతమెంత అను రెండు ప్రశ్నలు తప్ప మూడవది పుట్టదు. ఏమి నేర్చితివి, ఏ భాషలో నేర్చితివి, దానిని మరల ఎచట కూర్చుండి చదువుచున్నావు అని అడుగువారరుదు. విద్యకై పోవుట సగము. వచ్చి మరల చదువుట తక్కిన సగము. ఈ రెండవ సగమే నేటి ప్రసంగమునకు విషయము.

ఇందుకు నిదర్శనము తెలుగునేలమీదనే కలదు. చోడవరము మీదుగా అనకాపల్లికి పోవువారు అచటికి సమీపమున శంకరము అను గ్రామమును చూచియుందురు. బొజ్జన్నకొండ, లింగాలకొండ అను రెండు గుట్టలు ఆ గ్రామముచెంత నున్నవి. రాతిని తొలిచిన గుహలు, రాతిలోనే మలచిన స్తూపములు, ఇటుకల కట్టడములు అచట కనబడును. సంఘారామమను మాటయే వాడుకలో అరిగి శంకరమైనదని చరిత్రకారులు చెప్పుదురు. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో అలెగ్జాండర్ రే అను పురావస్తుశాఖాధికారి అచట త్రవ్వకములు జరిపించెను. భిక్షువులు నివసించిన గదులు బయటపడినవి. కాని ఆ గదులలో ఎవరు ఎవరికి ఏమి బోధించిరో తెలుపు గ్రంథమేదియు మిగులలేదు. రాయి నిలిచినది, పాఠము నిలువలేదు.

కృష్ణాతీరమునందలి ధాన్యకటకము విషయమున మరియొక విధముగా జరిగినది. అచట ఏడవ శతాబ్దమున బోధించిన ఇద్దరు ఆచార్యుల పేర్లు నేటికిని తెలియుచున్నవి. ఒకరు సుభూతి, మరియొకరు సూర్యుడు. ఈ పేర్లు తెలుగునాట ఏ తాళపత్రమునందును దొరకలేదు. వానిని భద్రపరచినది చీనాభాష. ఆ యాచార్యులచెంత కొన్ని నెలలు చదివిన విద్యార్థి ఒకడు స్వదేశమునకు తిరిగిపోయి, భాషాధ్యయనము మానక, తన శిష్యులకు చెప్పినందున ఆ పేర్లు బ్రతికినవి. ఆ విద్యార్థియే హ్యూయన్‌త్సాంగు.

పాఠశాల పుస్తకములలో హ్యూయన్‌త్సాంగు యాత్రికుడుగా ప్రసిద్ధుడు. హర్షుని ఆస్థానమునకు వచ్చినవాడు, దేశవృత్తాంతము వ్రాసినవాడు అని పిల్లలు వల్లించుదురు. అతడు ముఖ్యముగా విద్యార్థి. చీనాలో బౌద్ధగ్రంథముల అనువాదములు ఒకదానితో నొకటి పొసగక సందేహములు కలిగించుటచే, మూలభాషలోనే చదువవలెనని నిశ్చయించుకొని బయలుదేరెను. మరుభూములు దాటి, మంచుకొండలు దాటి నాలందకు చేరెను. అచట శీలభద్రుడను వృద్ధాచార్యుని యొద్ద యోగశాస్త్రమును మూడుమారులు విని, తర్కమును, శబ్దవిద్యయనబడు వ్యాకరణమును అభ్యసించెను. అతని శిష్యుడు హ్వీలీ వ్రాసిన జీవితచరిత్రలో పాణిని వ్యాకరణమును గూర్చియు, క్రియాపదములకు చేరు పదునెనిమిది ప్రత్యయములను గూర్చియు వివరముగా నున్నది. మహాపురుషుని చరిత్ర వ్రాయుచు మధ్యలో విభక్తులను, క్రియారూపములను ఏకరువుపెట్టుట వింతగా తోచవచ్చును. కాని ఆ గురువు దృష్టిలో వ్యాకరణము విద్యకు వాకిలి. వాకిలి చెప్పక ఇల్లు చూపుట యెట్లు?

నాలందలో సుమారు అయిదేండ్లు చదివిన పిమ్మట హ్యూయన్‌త్సాంగు దేశాటనమునకు బయలుదేరెను. వంగదేశమున తామ్రలిప్తికి పోయి, అచటినుండి ఓడయెక్కి సింహళమునకు పోదలచెను. దక్షిణదేశపు భిక్షువొకడు సముద్రయానము ప్రమాదకరమని వారించి, మెట్టదారిని పొమ్మని చెప్పెను. ఆ సలహాయే అతనిని ఓడ్రము, కొంగోదము, కళింగము, దక్షిణకోసలముల మీదుగా ఆంధ్రదేశమునకు తెచ్చినది. కోసలమున తర్కపండితుడగు ఒక బ్రాహ్మణుడున్నాడని విని, నెలకుపైగా అచట నిలిచి దిఙ్నాగుని ప్రమాణసముచ్చయమును చదివెను. త్రోవలో గురువు కనబడిన చోటెల్ల ప్రయాణము ఆపివేయుట అతని యలవాటు.

పోయిన ప్రతిదేశమునను అతడు పంట, శీతోష్ణము, ప్రజల నడవడి వీనితోపాటు భాషను గూడ గుర్తించుచు వచ్చెను. కళింగుల మాట తేలికగను వడిగను సాగుననియు, ఉచ్చారణము స్పష్టమనియు వ్రాసెను. వేంగి రాజధానిగా గల ఆంధ్రదేశమును గూర్చి చెప్పుచు, ఇచటి భాషయు మాటల కూర్పును మధ్యదేశమునకు వేరుగా నున్నవనియు, లిపి మాత్రము చాలవరకు పోలియున్నదనియు తెలిపెను. అది నన్నయకు నాలుగు శతాబ్దములు ముందటి మాట. తెలుగు అప్పటికి శాసనములలో కనబడుచున్న భాష. సంస్కృతము నేర్చివచ్చిన పరదేశి తెలుగు వినగానే ఇది వేరు కూర్పుగల భాష యని పట్టుకొనుటకు కారణము అతడు వ్యాకరణము చదివియుండుటయే. చెవి యందరికి నున్నది. చదివిన చెవికే తేడా వినబడును.

క్రీ. శ. 640 ప్రాంతమున అతడు ధాన్యకటకము చేరెను. ఆ నగరమునకు తూర్పున పూర్వశైల విహారము, పడమట అపరశైల విహారము వెనుకటి వైభవమును గోల్పోయి యుండెను. అయినను ఇరువదివరకు సంఘారామములు, వేయిమందివరకు భిక్షువులు ఇంకను గలరని అతడు తెలిపెను. వారు మహాసాంఘికులు, హ్యూయన్‌త్సాంగు మహాయానుడు. మతభేదము విద్యకు అడ్డు రాలేదు. సుభూతి, సూర్యులచెంత అతడు కొన్ని నెలలుండి మహాసాంఘికుల మూలాభిధర్మము మొదలగు శాస్త్రములను నేర్చెను. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఆ యిరువురును అతని యొద్ద మహాయాన శాస్త్రములను చదువుకొనిరి. పిదప మువ్వురును కలిసి పుణ్యక్షేత్రములను దర్శింప సంకల్పించుకొనిరి.

నేడు విశ్వవిద్యాలయములు విద్యార్థులను ఇచ్చిపుచ్చుకొనుట యను ఏర్పాటును గొప్పగా చెప్పుకొనును. దాని అసలు రూపము ధాన్యకటకములోనే కనబడుచున్నది. వచ్చినవాడు పుచ్చుకొనుటయే గాక ఇచ్చెను. ఉన్నవారు ఇచ్చుటయే గాక పుచ్చుకొనిరి. గురువులు శిష్యునికి శిష్యులైరి. ఇందు ఒకరు తగ్గినది లేదు.

అచటినుండి అతడు కాంచీపురమునకు పోయెను. సింహళమున రాజు మరణించెననియు, కరవు వచ్చెననియు చెప్పుచు అచటి భిక్షువులే మూడువందలమందికి పైగా కాంచికి వచ్చుచుండిరి. యోగశాస్త్రమును గూర్చి వారిని ప్రశ్నించి, శీలభద్రుని వ్యాఖ్యానమును మించినది వారియొద్ద లేదని గ్రహించి, పడమటి తీరముగా చుట్టి నాలందకు తిరిగివచ్చెను. ఇట్టి పర్యటనము చేసివచ్చినవాడు ఇక బోధకుడుగా కూర్చుండవచ్చును. అతడట్లు చేయలేదు. నాలందకు సమీపమున ప్రజ్ఞాభద్రుడను పండితుడున్నాడని విని, రెండునెలలు పోయి శబ్దవిద్య, హేతువిద్యలలో సందేహములు తీర్చుకొనెను. పిదప యష్టివనమున జయసేనుడను గృహస్థుని యొద్ద రెండు సంవత్సరములు చదివెను. ఆ తరువాతనే శీలభద్రుని యాజ్ఞచే నాలందలో ఉపన్యసించెను.

ఈ ఘట్టము ప్రతి విద్యార్థియు మనసున నుంచుకొనదగినది. దేశములు చూచుటవలన ప్రశ్నలు పెరుగును. ఆ ప్రశ్నలకు జవాబు దారిలో దొరకదు. బల్లముందు కూర్చుండి, పుస్తకము తెరచి, గురువు నడిగినగాని దొరకదు. ప్రయాణము ముగిసినవాడు పలకపట్టుటకు సిగ్గుపడినచో ఆ ప్రయాణము కథలుగా మిగులును. సిగ్గుపడనిచో విద్యయగును.

క్రీ. శ. 645లో హ్యూయన్‌త్సాంగు చాంగాన్ నగరమునకు తిరిగిచేరెను. సింధునది దాటునపుడు పడవ యూగిపోయి ఏబది గ్రంథపు కట్టలును, హిందూదేశపు పూలమొక్కల విత్తనములును నీటిపాలైనవి. మిగిలినవానికి దారిలో మరల వ్రాయించి చేర్చుకొన్నవి కలిపి, ఇరువది గుఱ్ఱములపై 657 గ్రంథములను తీసికొనిపోయెను. వాని పట్టిక నిలిచియున్నది. మహాయాన సూత్రములు 224, శాస్త్రములు 192, మహాసాంఘికుల గ్రంథములు 15, తర్కగ్రంథములు 36, వ్యాకరణగ్రంథములు 13 అని విడివిడిగా లెక్క వ్రాసిరి. గ్రంథాలయము నడుపువారికి ఈ పట్టిక ముచ్చట గొలుపును. పుస్తకము తెచ్చుట ఒక యెత్తు. తెచ్చినదానిని జాబితా కట్టుట మరియొక యెత్తు.

అటుపిమ్మట పందొమ్మిది సంవత్సరములు అతడు చేసినది భాషాసేవయే. చక్రవర్తి మంత్రిపదవి ఇచ్చెదనన్నను ఒల్లక అనువాదశాలలో కూర్చుండెను. అర్థము సరిచూచుటకు పన్నిద్దరు, వాక్యము కూర్చుటకు తొమ్మండ్రు, అక్షరశుద్ధికి ఒకరు, సంస్కృతము సరిచూచుటకు ఒకరు అతనికి సహాయులుగా నియమింపబడిరి. రాత్రి మూడవ జామున కునుకుతీసి, అయిదవ జామున లేచి, సంస్కృతమూలమును పైకి చదివి, తెల్లవారి చేయవలసిన భాగమునకు ఎఱ్ఱసిరాతో గుర్తులు పెట్టుకొనువాడని హ్వీలీ వ్రాసెను. ఇట్లు 75 గ్రంథములు, 1335 సంపుటములుగా చీనాభాషలోనికి వచ్చినవి. వానిలో మహాప్రజ్ఞాపారమిత యొక్కటియే 600 సంపుటములు. అది మిక్కిలి పెద్దది, సంగ్రహింపుమని శిష్యులు ప్రార్థించిరి. అతడు ఒక్కమాటయు విడువక, మూడు ప్రతులను ఒకదానితో నొకటి పోల్చుచు, 660లో ప్రారంభించి 663లో పూర్తిచేసెను. మరుసటి యేడు మరణించెను.

అనువాదమున అతడు పాటించినట్లు చెప్పబడు నియమములలో ఒకటి, కొన్ని మాటలను మార్పక ధ్వనినే ఉంచవలెననునది. మంత్రములవలె రహస్యార్థము గలవి, భగవచ్ఛబ్దమువలె పెక్కర్థములు గలవి, తనదేశమున లేని వస్తువులకు పేరైనవి, పూర్వులు అట్లే వాడుచు వచ్చినవి, ప్రజ్ఞయను మాటవలె వినగానే గౌరవము కలిగించునవి, ఇట్లు అవి అయిదు తెగలు. మూడవదానికి ఉదాహరణము జంబూవృక్షము, అనగా నేరేడు. మన్యపు టంచున నుండు పల్లెలలో పిల్లవాడు నోరు నీలముచేసికొని తిను నేరేడుపండు, చీనా పండితుల గోష్ఠిలో అనువాదమునకు లొంగని మాటగా నిలిచినది. ఒక భాష తెలియుట యనగా మాటకు మాట పెట్టుట గాదు; ఎచట మాట పెట్టరాదో తెలియుట కూడ.

అతని పట్టుదలకు మరియొక సాక్ష్యము. కామరూపరాజు లావోజీ గ్రంథమును సంస్కృతమున కోరెనని 647లో చక్రవర్తి ఆ పని అతనికి అప్పగించెను. తావో అను మాటకు సంస్కృతమున నేమి యనవలెనని వాదము పుట్టెను. తావోమతపు పండితులు బోధియనుమనిరి. హ్యూయన్‌త్సాంగు మార్గమను మాటయే సరియని పట్టుపట్టెను. చీనాలో తావో యనగా దారియే గదా! రెండు భాషలను ఎరిగినవాడు రెంటికిని కాపరి. ఒకదాని గొప్పకొఱకు రెండవదానిని వంచరాదు.

తిరిగిపోయినవాడు గురువులను మరువలేదు. మహాబోధి విహారమునుండి జ్ఞానప్రభుడు, ప్రజ్ఞాదేవుడు అనువారు జాబు వ్రాసి, కానుకగా రెండు తెల్లని వస్త్రములను పంపిరి. అవి 652లో అతనికి చేరినవి. ప్రజ్ఞాదేవుడు పూర్వము వాదమున అతనికి ఎదురునిలిచినవాడు. 654లో హ్యూయన్‌త్సాంగు ప్రత్యుత్తరము వ్రాసి, శీలభద్రుని మరణవార్తకు దుఃఖించి, తాను అనువదించిన గ్రంథములను తెలిపి, సింధునదిలో పోయినవాని పట్టికను జతపరచి, వీలైనచో మరల పంపుడని కోరెను. చదువు ముగిసి తొమ్మిదేండ్లయినను పోయిన పుస్తకముపై బెంగ తీరలేదు.

అతని వెనుక వచ్చిన ఇత్సింగు ఇదే పాఠమును మరింత స్పష్టముగా చెప్పెను. అతడు 671లో ఓడయెక్కి శ్రీవిజయమున ఆరునెలలు, తామ్రలిప్తిలో ఒక సంవత్సరము కేవలము భాషయే నేర్చి, ఆ తరువాత నాలందలో పదేండ్లు చదివెను. హిందూదేశపు బాలురు ఆరేండ్లకు అక్షరములు, ఎనిమిదేండ్లకు పాణినిసూత్రములు, పదునైదేండ్లకు వృత్తిగ్రంథము ఆరంభింతురని వ్రాసి, వ్యాకరణము నేర్వక వచ్చు చీనావిద్యార్థి శ్రమయంతయు వృథాయని హెచ్చరించెను. తిరుగుదారిలో గూడ శ్రీవిజయమున నిలిచి అనువాదము సాగించి, 695లో గాని రాజధాని చేరలేదు.

ఇక తెలుగువారి సంగతి. సుభూతి, సూర్యులు బోధించిన మూలాభిధర్మము హ్యూయన్‌త్సాంగు అనువదించిన 75 గ్రంథములలో చేరలేదు. మిగిలినది వారి పేర్లే. పరదేశి పేర్లనైనను మోసికొనిపోయెను. స్వదేశమున అదియు వ్రాసిపెట్టినవారు లేకపోయిరి. ఈ నష్టము ప్రాచీనకాలముతో ఆగలేదు. ఉత్తరాంధ్రమునుండి వేలకుటుంబములు రంగూనుకు పోయి బ్రతికినవి. 1942లో యుద్ధభయమున పెక్కుమంది అడవులగుండ కాలినడకను వచ్చిరి. 1960 తరువాతి సంవత్సరములలో మరికొందరు వచ్చిరి. విశాఖపట్టణమున బర్మాక్యాంపు అను పేటపేరు ఆ రాకకు గుర్తు. వారిలో బర్మాభాష ధారాళముగా మాటాడినవారు, చదివినవారు నుండిరి. ఆ భాష వారి పిల్లలకు చేరినది అరుదు. కష్టపు కథ చెప్పుకొనిరి. భాష మాత్రము ఇంటిలోనే ఆరిపోయెను.

నేటి విద్యార్థుల స్థితియు ఆలోచింపదగినది. వైద్యవిద్యకై తెలుగు బిడ్డలు చీనాకు, ఫిలిప్పీన్సుకు, కిర్గిజుస్తానుకు, కజకస్తానుకు పోవుచున్నారు. 2020 ప్రారంభమున మహమ్మారి ప్రబలినపుడు చీనానుండి వచ్చినవారు ఇంటనే కూర్చుండి ఫోనుతెరపై పాఠములు వినిరి. చీనా వారికి మరల ప్రవేశపత్రములు ఇచ్చుట 2022 ఆగస్టులో గాని మొదలుకాలేదు. పాఠము ఇంగ్లీషున నడచినను, రోగి బాధను వినుటకు ఆ దేశభాష కావలెను. రెండేండ్లకు పైగా ఆ భాషను చెవిన పడనీయక ఇంట నున్నవారికి దానిని నిలుపుకొనుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. పట్టా వచ్చినపిదప స్వదేశమున పరీక్ష, ఉద్యోగము, సంసారము ముంచుకొనివచ్చును. ఇచట ఆ భాషతో పనిలేదని పుస్తకములు అటకయెక్కును. వారిని నిందించుట న్యాయముకాదు. వారిని ఆ భాషను గూర్చి అడిగినవారెవరు? నిలుపుకొనుటకు చోటు చూపినవారెవరు?

చోటు లేకపోలేదు. 1937లో రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమున, తాన్ యున్-షాన్ అను చీనాపండితుని తోడ్పాటుతో చీనాభవనమును నెలకొల్పెను. హైదరాబాదులో 1958లో స్థాపితమై, 2007లో కేంద్రవిశ్వవిద్యాలయమైన విద్యాసంస్థయందు చీనా, జపాను, కొరియా భాషలను బోధించుచున్నారు. ఇవి పట్టణములలోని పెద్ద కొలువులు. గ్రామమున చేయదగినది గ్రామగ్రంథాలయమే చేయవలెను.

అది పెద్దఖర్చుతో కూడినది కాదు. గ్రంథాలయమున ఒక గట్టి అట్టల పుస్తకము నుంచవలెను. పరదేశమున చదివి, లేక పనిచేసి వచ్చిన ప్రతివారును అందు కొన్ని పుటలు తెలుగున వ్రాయవలెను. ఏ గురువుచెంత ఏమి నేర్చిరి, ఆ భాషలో బియ్యమునకేమందురు, జ్వరమునకేమందురు, అమ్మను ఏమని పిలుతురు, తెలుగుననువదింప వీలుగాని మాట యేది, ఇవియన్నియు వ్రాయవచ్చును. వ్రాయరానివారు చెప్పగా చదువుకొన్న పిల్లలు వ్రాయవచ్చును. ఆ భాషానిఘంటువొకటి, వ్యాకరణమొకటి అలమరలో చేర్పవలెను. సెలవులకు వచ్చిన విద్యార్థి వారమున కొక సాయంత్రము పదిమంది పిల్లలకు ఆ భాషాక్షరములు చూపవలెను. చూపుటకై తానును తిరుగవేయవలసివచ్చును. ఎదుటివానికి చెప్పుటకంటె తనకు జ్ఞాపకముంచు ఉపాయము లేదు. ధాన్యకటకమున జరిగినది అదియే.

1914లో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసిననాటినుండి, అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారు ఊరూర గ్రంథాలయము కావలెనని తిరిగిరి. పుస్తకము ఊరికి వచ్చుట మొదటి మెట్టు. ఊరివారు నేర్చినది పుస్తకములోనికి ఎక్కుట రెండవ మెట్టు. రజతోత్సవము జరుపుకొన్న గ్రంథాలయము రెండవ మెట్టుపై కాలుపెట్టుటకు తగిన వయస్సునకు వచ్చినది.

ఇకముందు చీడికాడకు దూరదేశమునుండి విద్యార్థి యెవరైన తిరిగివచ్చిననాడు, జీతమెంత యని యడుగువారు అడుగుదురు గాక. గ్రంథాలయము మాత్రము ఆ విద్యార్థికి కుర్చీ వేసి, కాగితము కలము ముందుపెట్టి, అచటి గురువు పేరేమి, ఆ పాఠమేమి యని అడుగుగాక. సుభూతి, సూర్యులను ఆ ప్రశ్న అడిగినవాడు చాంగాన్ నుండి వచ్చెను. రాబోవు ఇరువదియైదేండ్లలో ఆ ప్రశ్న అడుగువారు ఈ యూరివారే కావలెను.